వాట్లు చూసి సాండర్ కొనొద్దు: గీత, దుమ్ము, వణుకు చూసి కొనండి

చెక్కపనికి కరెంటు పనిముట్లు సమకూర్చుకునేవాళ్లు డ్రిల్లు, రంపం మిషను తర్వాత ఆలోచించేది చాలావరకు సాండర్ గురించే. అందులోనూ గుండ్రటి ప్యాడ్ ఉండే ర్యాండమ్ ఆర్బిట్ సాండర్ గురించి. హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఇప్పుడు వీటికి కొదవ లేదు. పేరున్న కంపెనీలవి, పేరే లేనివి, వైరుతో నడిచేవి, బ్యాటరీవి, ఐదంగుళాలవి, ఆరంగుళాలవి అన్నీ దొరుకుతున్నాయి. కొనేవాళ్లు మాత్రం రెండే అడుగుతారు: ఎన్ని వాట్లు, ఎంత ధర. ఆ రెంటి కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయని చెప్పడానికే ఈ సమీక్ష. నా వాదన ఇది: సాండర్ మంచిదా చెడ్డదా అన్నది మోటారు బలంతో తేలదు. అది చెక్క మీద ఎలాంటి గీత మిగులుస్తుంది, లేచిన దుమ్మును ఎంతమేరకు లాగేస్తుంది, పట్టుకున్న చేతిని ఎంత వణికిస్తుంది అన్న మూడు సంగతులతో తేలుతుంది. ఈ మూడింటి భారమూ యంత్రం ఒక్కటే మోయలేదు. మంచి కాగితం, దుమ్ము లాగే వ్యాక్యూమ్ తోడైతేనే అది పూర్తి పనిముట్టు అవుతుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బు మొత్తం యంత్రం మీదే పెట్టడం తప్పుడు లెక్క.

ముందు యంత్రం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మోటారు షాఫ్టు చివర, నడిమధ్య నుంచి కాస్త పక్కకు జరిపి బిగించిన ఎక్సెంట్రిక్ ఉంటుంది. ప్యాడ్‌ను దానికి నేరుగా బిగించరు, మధ్యలో బేరింగ్ పెడతారు. షాఫ్టు తిరిగినప్పుడు ప్యాడ్ మొత్తం ఒక చిన్న వలయంలో ఊగుతుంది. ఆ వలయం వ్యాసాన్నే ఆర్బిట్ అంటారు. బేరింగ్ లోపలి రాపిడి వల్ల ప్యాడ్ తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. ఈ రెండో తిరుగుడుకు గేర్లు, బెల్టులు ఏమీ ఉండవు కాబట్టి చేత్తో నొక్కినకొద్దీ అది తగ్గిపోతుంది. ఊగడం, తిరగడం కలిసినందువల్ల కాగితం మీది ఒక్కో రేణువు గీసే దారి ప్రతిసారీ మారుతుంది. గీతలన్నీ ఒకే వరసలో పడకుండా చెదిరిపోతాయి. చెక్క చారలకు అడ్డంగా పోయినా కంటికి పెద్దగా ఆనకపోవడానికి కారణం ఇదే. తలుపు చట్రంలో నిలువు కమ్మీ, అడ్డ కమ్మీ కలిసే చోట చారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. అలాంటి చోట కూడా ఆగకుండా పోనివ్వగలగడం ఈ యంత్రానికున్న అసలు బలం. చదరపు ప్యాడ్ ఉండే మామూలు ఆర్బిటల్ సాండర్‌లో ప్యాడ్ ఊగుతుందే గానీ తిరగదు, కాబట్టి పని నెమ్మది. బెల్ట్ సాండర్ వేగంగా కోస్తుంది, కానీ దాన్ని చారల వెంటే నడపాలి, ఒక్క క్షణం ఆగినా గుంట పడుతుంది. ఈ రెంటికీ నడుమ నిలబడి, ఎక్కువ పనులకు పనికొచ్చేది గుండ్రటి సాండరే.

మన దగ్గర దీనికి అసలు పోటీ ఇవేవీ కావు, యాంగిల్ గ్రైండర్. నాలుగంగుళాల గ్రైండర్‌కు సాండింగ్ డిస్కు బిగించి తలుపులూ మంచాలూ నునుపు చేయడం తెలుగు ఊళ్లలో ఏ వడ్రంగి షాపులో చూసినా కనిపిస్తుంది. గ్రైండర్ చవక, ఇప్పటికే చేతిలో ఉంది, వేగంగా కోస్తుంది, ఇంకేం కావాలని అడిగేవాళ్లకు లెక్కే జవాబు. 100 మిల్లీమీటర్ల డిస్కు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 58 మీటర్ల వేగంతో పోతుంది. రెండున్నర మిల్లీమీటర్ల ఆర్బిట్ ఉన్న సాండర్ నిమిషానికి 12,000 సార్లు ఊగితే రేణువు వేగం సెకనుకు సుమారు 1.6 మీటర్లు. ప్యాడ్ సొంత తిరుగుడును కలిపినా గ్రైండర్ దరిదాపుల్లోకి రాదు. ఆ తేడా వల్లే గ్రైండర్ కింద చెక్క మాడి నల్లబడుతుంది, డిస్కు ఒక అంచు మీదే ఆనడం వల్ల నెలవంకల్లాంటి గుంటలు పడతాయి. అవి అప్పటికప్పుడు కనిపించవు. పాలిష్ ఎక్కాక, కిటికీలోంచి ఏటవాలుగా వెలుతురు పడినప్పుడు వరసగా బయటపడతాయి. మొరటు దుంగను చెక్కడానికి, తుప్పు గీకడానికి గ్రైండర్ మంచిదే. పాలిష్ ఎక్కాల్సిన చెక్కకు మాత్రం అది తగదు. పైగా దానికి మామూలుగా దుమ్ము లాగే ఏర్పాటు ఉండదు, లేచిందంతా పని చేసేవాడి ముఖానికే కొడుతుంది.

ఇక సాండర్లలో ఏది అన్న ప్రశ్నకు వస్తే, పెట్టె మీద మొదట వెతకాల్సిన అంకె ఆర్బిట్. బాష్ జీఈఎక్స్ 125-1 ఏఈలో ఇది 2.5 మిల్లీమీటర్లు, డివాల్ట్ డీడబ్ల్యూఈ 6423లో 2.6, మకీటా బీఓ 5031లో 2.8. మూడూ ఐదంగుళాల తరగతివి, మూడింటి బరువూ 1.3 కిలోల దగ్గరే. ఖరీదైన తరగతిలో మిర్కా డెరోస్ 2.5, 5, 8 మిల్లీమీటర్ల ఆర్బిట్లతో వేర్వేరుగా వస్తుంది. ఫెస్టూల్ ఈటీఎస్ ఈసీ వరసలో 3, 5 మిల్లీమీటర్లవి ఉన్నాయి. ఒకే కంపెనీ ఒకే యంత్రాన్ని రెండు మూడు ఆర్బిట్లలో అమ్ముతోందంటేనే అది ఎంత ముఖ్యమైన అంకెనో అర్థమవుతుంది. ఆర్బిట్ పెద్దదైతే ఒక్కో ఊపులో రేణువు ఎక్కువ దూరం పోతుంది, ఎక్కువ చెక్క రాలుతుంది, గీత కూడా పెద్దదవుతుంది. పాత రంగు తీయడానికి, వెడల్పాటి బల్లపైని సమం చేయడానికి 5 మిల్లీమీటర్లది తగినది. టేకు వెనీర్, అంచులు, పాలిష్ కోట్ల మధ్య రాపిడి వంటి పనులకు రెండున్నర, మూడు మిల్లీమీటర్లది తగినది. ఒక్కటే కొనగలిగినవాళ్లకు చిన్న ఆర్బిట్టే మేలని నా అభిప్రాయం. చిన్న ఆర్బిట్ నెమ్మదితనాన్ని 60 లేదా 80 నంబరు కాగితంతో చాలావరకు పూరించుకోవచ్చు. పెద్ద ఆర్బిట్ మొరటుతనాన్ని మాత్రం సన్న కాగితం పూర్తిగా సరిదిద్దదు. ఒక జాగ్రత్త: కొందరు ఆర్బిట్ వ్యాసం చెబుతారు, కొందరు షాఫ్టు పక్కకు జరిగిన దూరం, అంటే అందులో సగం చెబుతారు. పోల్చేముందు ఏది రాశారో చూసుకోవాలి.

వేగం అంకెల్లోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఆ బాష్ సాండర్‌కు నిమిషానికి 7,500 నుంచి 12,000 భ్రమణాలని ఒకచోట, 15,000 నుంచి 24,000 ఊపులని మరోచోట రాసి ఉంటుంది. మకీటా అదే తరగతి యంత్రానికి 4,000 నుంచి 12,000 అని రాస్తుంది. పక్కపక్కన పెడితే బాష్ రెట్టింపు వేగమన్న భ్రమ కలుగుతుంది. నిజానికి ఒక్కో వలయానికి పోనూ రానూ రెండు ఊపులని లెక్కకట్టడం వల్ల వచ్చిన అంకె అది. గరిష్ఠ వేగం రెంటికీ ఒకటే. తేడా కనిష్ఠ వేగంలో ఉంది, అది పనికొచ్చే తేడా. వేగం తగ్గించుకునే సౌకర్యం లేని యంత్రంతో వెనీర్ మీద, సీలర్ కోటు మీద పని చేయడం కష్టం. వేడికి సీలర్ మెత్తబడి కాగితానికి ముద్దలుగా అంటుకుంటుంది. కాబట్టి వేగం మార్చుకునే చక్రం ఉందా లేదా అన్నది వాట్ల కంటే ముందు చూడాలి.

వాట్ల సంగతి ఇప్పుడు. పైన చెప్పిన బాష్ 250 వాట్లు, డివాల్ట్ 280, మకీటా 300. ఎన్నో రెట్లు ధర ఉండే మిర్కా డెరోస్ 350, ఫెస్టూల్ ఈటీఎస్ ఈసీ 400. పేరు తెలియని చవక యంత్రాల పెట్టెల మీద కూడా 400, ఆపైన అంకెలు కనిపిస్తుంటాయి. వాట్లే కొలమానమైతే ఆ చవక యంత్రం ప్రపంచంలోని అతి ఖరీదైన సాండర్లతో సమానం కావాలి. అలా కాదు కాబట్టే ఆ కొలమానం చెల్లదు. వాట్లు చెప్పేది యంత్రం ఎంత కరెంటు తీసుకుంటుందో. అందులో ఎంత కాగితం దాకా చేరింది, ఎంత వేడిగా పోయిందన్నది వేరే లెక్క. బలం ఎక్కువైతే గట్టిగా నొక్కినా ఆగదు కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బ్రష్‌లెస్ మోటారు ఉన్న ఖరీదైన యంత్రాలు భారం పెరిగినా వేగం పడకుండా ఎలక్ట్రానిక్స్‌తో నిలుపుకుంటాయి. రోజంతా పని చేసేవాళ్లకు అది లాభమే. కానీ గట్టిగా నొక్కడమే తప్పు పద్ధతి. నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగి ఊగడం మాత్రమే మిగులుతుంది. అప్పుడు గుండ్రటి సాండర్‌కూ చదరపు ప్యాడ్ సాండర్‌కూ తేడా ఉండదు. ప్యాడ్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసి యంత్రం నడిపి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. చేతి బరువు మాత్రమే మోపినప్పుడు ఆ గీత నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. బలంగా నొక్కగానే ఉన్నచోటే వణుకుతూ నిలిచిపోతుంది. చాలినన్ని వాట్లు ఉంటే చాలు, మించిన వాట్లు తప్పు అలవాటును పోషిస్తాయి.

ప్యాడ్ సైజు మీద కూడా ఇలాంటి వాదనే నడుస్తుంది. ఐదంగుళాల ప్యాడ్ కంటే ఆరంగుళాల ప్యాడ్ విస్తీర్ణం 44 శాతం ఎక్కువ. వెడల్పాటి టేబుళ్లు, తలుపు పలకలు రోజూ చేసే షాపుకు ఆ తేడా కూలి లెక్కలో కనిపిస్తుంది. అయితే ఆరంగుళాల యంత్రం సాధారణంగా బరువెక్కువ, దానికి కాగితం ఖరీదెక్కువ, చిన్న ఊళ్లలో ఆ సైజు డిస్కులు అన్ని నంబర్లలో దొరకవు. కుర్చీ కాళ్లు, చట్రాల కమ్మీలు, సన్నటి అంచుల మీద వెడల్పాటి ప్యాడ్ పక్కకు ఒరిగి అంచును గుండ్రం చేసేస్తుంది. ఇంటి అవసరాలకు, మిశ్రమంగా పని చేసే చిన్న షాపుకు 125 మిల్లీమీటర్లే సరైన మొదటి ఎంపిక. ఎనిమిది రంధ్రాల అమరిక ఉన్న ప్యాడ్‌నే తీసుకుంటే చాలా కంపెనీల కాగితం సరిపోతుంది. ప్యాడ్ మెత్తదనం కూడా గమనించాలి. బల్లపరుపు పనికి గట్టి ప్యాడ్ మంచిది, వంపులకు మెత్తనిది. టేకు ప్లై మీద ఉండే పై పొర అర మిల్లీమీటరుకు అటూఇటూ ఉంటుంది, కొన్నింటిలో ఇంకా పల్చన. ఒరిగిన ప్యాడ్ కింద ఆ పొర క్షణాల్లో అరిగి లోపలి తెల్లచెక్క బయటపడుతుంది, అది ఏ రంగుతోనూ పూర్తిగా దాగదు.

ప్యాడ్ చుట్టూ ఉండే రబ్బరు రింగు గురించి షాపులో ఎవరూ చెప్పరు, కానీ గీత నాణ్యతలో దాని వంతు చిన్నది కాదు. చెక్క మీంచి లేపినప్పుడు ప్యాడ్ అదుపు లేకుండా వేగం అందుకోకుండా పట్టి ఉంచే బ్రేకు అది. ఆ రింగు అరిగిపోతే గాలిలో ప్యాడ్ విపరీతంగా తిరుగుతుంది. ఆ వేగంతోనే చెక్కను తాకగానే మెలికలు తిరిగిన లోతైన గీతలు పడతాయి. కాగితం కింద ఇరుక్కున్న ఒక్క గట్టి రేణువు కూడా ఇలాంటి మెలికలనే గీస్తుంది. అవి పచ్చి చెక్క మీద దాగుంటాయి, రంగు లేదా పాలిష్ పడగానే నల్లటి చుట్టలుగా తేలతాయి. యంత్రాన్ని చెక్క మీద ఆనించాకే ఆన్ చేయడం, రింగు అరిగితే మార్చడం, ప్రతి నంబరుకూ మధ్య చెక్కను తుడవడం దీనికి మందు. కొనేటప్పుడు ఆ రింగు, ప్యాడ్, కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయా అని అడగాలి. దొరకవంటే, ధర ఎంత తక్కువైనా అది వాడి పారేసే యంత్రమే.

ఇక కాగితం. చెక్కను నిజంగా కోసేది ఇదే, యంత్రం దాన్ని మోస్తుంది అంతే. నంబరు ముందు పీ అక్షరం ఉంటే అది యూరప్ ప్రమాణం. పీ 80లో రేణువు సగటు పరిమాణం 201 మైక్రాన్లు, పీ 120లో 125, పీ 180లో 82. అంటే 80 నుంచి 120కి పోతే రేణువు ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువగా చిన్నదవుతుంది, 120 నుంచి 180కి కూడా దాదాపు అంతే. మధ్యది వదిలేసి 80 నుంచి నేరుగా 180కి దూకితే తేడా రెండున్నర రెట్లకు చేరుతుంది. 82 మైక్రాన్ల రేణువు 201 మైక్రాన్ల రేణువు తవ్విన లోయల అడుగుదాకా దిగాలంటే చాలాసేపు పడుతుంది. అంతసేపు ఎవరూ ఓపిక పట్టరు, లోయలు మిగిలిపోతాయి. ఒక కాగితం ఆదా చేశామనుకున్నవాళ్లు పాలిష్‌లో నష్టపోయేది ఇక్కడే. పీ లేని అమెరికా నంబర్లతో కలిపి వాడితే మరో తిరకాసు: ముతక నంబర్లలో రెండూ దగ్గరగా ఉన్నా, సన్న నంబర్లలో విడిపోతాయి. పీ 400 రేణువు అమెరికా లెక్కలో సుమారు 320కి సమానం. కాబట్టి ఒక పనికి ఒకే ప్రమాణం కాగితాలు వాడడం మంచిది.

ఎక్కడ ఆపాలన్నది కూడా తేలాలి. ఎంత సన్న నంబరు దాకా పోతే అంత మేలనే నమ్మకం బలంగా ఉంది. పచ్చి చెక్కకు అది సరికాదు. రంగు పట్టాల్సిన చెక్కను 180 దాటి రుద్దితే ఉపరితలం మరీ మూసుకుపోయి రంగు సరిగ్గా ఇంకదు. మెలమైన్, పీయూ వంటి పొర కట్టే పాలిష్‌లకు 180 దగ్గర ఆపి, ఆపైన 320, 400 నంబర్లను కోట్ల మధ్య వాడితే సరిపోతుంది. ఏ నంబరు దగ్గరైనా పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. రుద్దేముందు చెక్క మీద పెన్సిల్‌తో వంకర గీతలు గీయాలి. అన్నీ సమంగా మాయమయ్యేదాకా, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల నెమ్మదితో యంత్రాన్ని కదపాలి. ఎక్కడైనా పెన్సిల్ మిగిలితే అక్కడ గుంట ఉందన్నమాట. టేకు విషయంలో కాగితం మరీ ముఖ్యం. ఆ చెక్కలో సహజమైన నూనె ఉంటుంది, సిలికా ఉంటుంది. నూనె కాగితాన్ని మూసేస్తుంది, సిలికా రేణువుల పదును తీస్తుంది. రంధ్రాలు తక్కువున్న చవక కాగితం టేకు మీద నిమిషాల్లో నున్నబడుతుంది. దుమ్ము అంతటా పోయేలా వల మాదిరి నేసిన డిస్కులు ఇక్కడ ఎక్కువసేపు నిలుస్తాయి. వాటిని వాడేటప్పుడు ప్యాడ్ కొక్కేలు అరిగిపోకుండా మధ్యలో పల్చటి రక్షణ ప్యాడ్ వేసుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పింది చెక్క గురించి, ఇకపై చెప్పేది మనిషి గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రచురించిన 62వ సంపుటంలో చెక్కపొడిని మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపల, దాని పక్క గుల్లల్లో వచ్చే క్యాన్సర్‌కూ చెక్కపొడికీ ఉన్న సంబంధమే దానికి ఆధారం. యూరోపియన్ యూనియన్ గట్టి చెక్కల పొడికి 2023 జనవరి నుంచి గాలిలో ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములే పరిమితిగా పెట్టింది. అంతకుముందు అది 3. సాండర్ నుంచి లేచే పొడి రంపపు పొట్టు వంటిది కాదు. కంటికి కనిపించేది నేల మీద పడిపోతుంది, కనిపించనిదే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. టేకు పొడి కొందరికి చర్మం మీద దురద, దద్దుర్లు తెస్తుంది. ఎండీఎఫ్‌లో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. పాత తలుపుల రంగు గీకేటప్పుడు మరో ప్రమాదం: ఇళ్లలో వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. అలాంటి రంగును సాండర్‌తో పొడిపొడిగా రుద్దడం, అదీ పిల్లలున్న ఇంట్లో, ఎంతమాత్రం తగదు.

అందుకే నా లెక్కలో దుమ్ము పట్టే ఏర్పాటు అదనపు హంగు కాదు, ఎంపికలో మొదటి పరీక్ష. సాండర్‌తో వచ్చే గుడ్డ సంచి ముతక పొడిని పట్టుకుంటుంది, సన్న పొడిని గాలిలోకి వదిలేస్తుంది. సంచి తీసి వ్యాక్యూమ్ గొట్టం తగిలించే వీలుందా, ఆ మూతి కొలత మీ గొట్టానికి సరిపోతుందా అని కొనేముందే చూడాలి. వ్యాక్యూమ్‌లో ఎం తరగతి అంటే తనలోకి వచ్చిన పొడిలో 0.1 శాతానికి మించి బయటకు వదలనిది. అది కొనలేకపోతే మామూలు వ్యాక్యూమ్‌కు హెపా ఫిల్టరు, లోపల కాగితపు సంచి వేసుకున్నా చాలా మెరుగు. ముఖానికి ఎన్95 మాస్కు తప్పనిసరి. మెడ చుట్టూ ఉండే తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సన్న పొడి ఆగదు. ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. అపార్టుమెంటు పనుల్లో, ఎండాకాలంలో, ఒకే ప్లగ్గు ఉన్న గదిలో వ్యాక్యూమ్ లాక్కుంటూ తిరగడం వడ్రంగి మేస్త్రీకి సాధ్యమా, ఆ ఖర్చు ఎవరు పెడతారు? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం. కానీ ఖర్చు లెక్క ఒకవైపే చూడకూడదు. దుమ్ము లాగేస్తే కాగితం రంధ్రాలు మూసుకుపోవు, ఒక్కో డిస్కు ఎక్కువసేపు కోస్తుంది, మెలికల గీతలు తగ్గుతాయి, గది తుడిచే పని తగ్గుతుంది, పాలిష్‌లో దుమ్ము పడదు. వ్యాక్యూమ్ ఖర్చులో మంచి భాగం ఇలా తిరిగి వస్తుంది. మిగిలిన భాగాన్ని పని చేయించుకునేవాళ్లు కూలిలో కలిపి ఇవ్వడం న్యాయం. టేకు తలుపుకు వేలు పోసే ఇంటి యజమాని, దాన్ని నునుపు చేసే మనిషి ఊపిరికి కొంత పెట్టడం పెద్ద కోరిక కాదు.

మూడో సంగతి వణుకు. రోజుల తరబడి కంపించే పనిముట్లు పట్టుకున్నవాళ్లకు వేళ్లు తిమ్మిరెక్కడం, చలికి తెల్లబడటం, పట్టు తప్పడం వంటి జబ్బు వస్తుంది. యూరోపియన్ యూనియన్ 2002లో తెచ్చిన నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనికి సగటున సెకను వర్గానికి 2.5 మీటర్ల కంపనం దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 మీటర్లు దాటకూడదు. ఈ లెక్కతో మనమూ అంచనా వేసుకోవచ్చు. యంత్రంతో వచ్చే పత్రంలో కంపనం 5 అని రాసి ఉంటే, దాన్ని రోజుకు రెండు గంటలు వాడితేనే చర్య తీసుకోవాల్సిన హద్దుకు చేరతాం, ఎనిమిది గంటలు వాడితే గరిష్ఠ పరిమితికి. వారానికోసారి బల్ల రుద్దుకునేవాళ్లకు ఈ అంకె అంత ముఖ్యం కాదు. దీనితోనే బతికేవాళ్లకు మాత్రం ఖరీదైన యంత్రం కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం. బేరింగ్ నాణ్యత, ప్యాడ్ తూకం ఎంత బాగుంటే వణుకు అంత తగ్గుతుంది. అరిగిన, ఒక పక్క చిరిగిన డిస్కు మంచి యంత్రాన్ని కూడా వణికిస్తుంది.

అసలు సాండరే అవసరమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చిత్రిక పట్టి, ఉక్కు రేకుతో గీకి, ఉలితో దిద్దిన చెక్క మెరుపు కాగితంతో రుద్దిన చెక్కకు రాదన్నది పెద్ద మేస్త్రీల మాట. అది నిజమే. పదునైన చిత్రిక చెక్క పీచును తెగ్గోస్తుంది, కాగితం ఎంత సన్నదైనా పీచును చింపుతుంది. కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి చెక్కేచోట, అంకుడు కర్రను లేతు మీద తిప్పే ఏటికొప్పాకలో ఈ గుండ్రటి ప్యాడ్‌కు పెద్దగా పని లేదు. లోపలికి వంగిన చోట్లకు, చెక్కడాలకు, మూలలకు అది అందదు. కానీ ఈ రోజు మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ప్లై, వెనీర్, ముక్కలు అతికించిన రబ్బరు చెక్క. చారలు ఎటుపడితే అటు ఉండే వీటి మీద చిత్రిక చెక్కను లేపేస్తుంది, వెనీర్ మీదైతే పెట్టడానికే వీల్లేదు. కాబట్టి ఇది చేతి నైపుణ్యానికి ప్రత్యామ్నాయం కాదు, చేతి పనిముట్లు పోలేని చోట పనిచేసేది. చివరి నంబరు తర్వాత అదే కాగితంతో చారల వెంట చేత్తో నాలుగు సార్లు రుద్దితే మిగిలిన సన్న గీతలు కూడా పోతాయి. ఈ పని ఏ యంత్రం కొన్నా తప్పదు.

బ్యాటరీ యంత్రాల మీద ఇప్పుడు మోజు ఎక్కువ. సాండర్ ఆగకుండా నడిచే పనిముట్టు, డ్రిల్లు లాగా క్షణాల్లో పని ముగించదు. 18 వోల్టులు, 5 యాంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 90 వాట్-అవర్లు. సగటున 150 వాట్లు లాగితే 36 నిమిషాల్లో ఖాళీ. వ్యాక్యూమ్ గొట్టం ఎలాగూ తగిలించాల్సిందే కాబట్టి వైరు లేదన్న సుఖం కూడా సగమే. అదే కంపెనీ బ్యాటరీలు ఇప్పటికే ఉంటే చిన్న పనులకు సరే, లేకపోతే వైరున్నదే మేలు. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుందామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి వైరు యంత్రాలు 120 వోల్టులవి, మన 230 వోల్టుల ప్లగ్గుకు పెడితే కాలిపోతాయి. బ్యాటరీ యంత్రమైనా ఛార్జర్ మన వోల్టేజీకి సరిపోతుందో లేదో చూడాలి. గ్యారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు.

మొత్తం మీద తీర్పు ఇది. ఇంటి పనికి, చిన్న షాపుకు 125 మిల్లీమీటర్ల ప్యాడ్, రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల ఆర్బిట్, వేగం మార్చే చక్రం, వ్యాక్యూమ్ మూతి, విడిభాగాలు దొరికే సర్వీసు ఉన్న మధ్యశ్రేణి యంత్రం చాలు. అలాంటివి మన మార్కెట్‌లో ఉన్నాయి. అంతకు మించి పెట్టగల డబ్బు ఉంటే మొదట వ్యాక్యూమ్ మీద, తర్వాత 80, 120, 180 నంబర్ల మంచి కాగితం మీద, ఎన్95 మాస్కుల మీద పెట్టండి. ఆ తర్వాతే ఇంకా పెద్ద యంత్రం గురించి ఆలోచించండి. రోజుకు గంటల తరబడి సాండర్ పట్టుకునే మేస్త్రీలు మాత్రం వణుకు తక్కువ, దుమ్ము పట్టు ఎక్కువ ఉన్న బ్రష్‌లెస్ యంత్రాన్ని ఖర్చుగా కాక ఆరోగ్యానికి పెట్టుబడిగా చూడాలి. రెండో సాండర్ కొనే రోజు వస్తే అప్పుడు 5 మిల్లీమీటర్ల ఆర్బిట్ ఉన్నది తీసుకోండి. ఏది కొన్నా దుమ్ము లాగే గొట్టం తగిలించకుండా స్విచ్ వేయకండి.